పారిపోయినవాళ్ల జాబితా

1995 మార్చి 28, మంగళవారం

వీసా వచ్చింది. మా కాంట్రాక్టు కంపెనీ ఓనరు రామచంద్రం గారి బావమరిదికి రాలేదు, నాకు వచ్చింది. కాబట్టి మ్యూనిక్‌లో జరిగే యంత్రాల ఎగ్జిబిషన్‌కు ఆయన వెంట వెళ్లేది నేనే. పన్నెండేళ్లుగా అశోక్‌నగర్ ఆఫీసులో ఒక మూల బల్ల ముందు కూర్చుని హాజరు పట్టీలు, సెలవు చీటీలు, గేటు పాసులు చూసుకునే మనిషికి ఇది చిన్న విషయం కాదు. మా ఆవిడ నళినికి ఫోన్ చేసి చెబితే, అరగంటలో వాళ్ల స్కూలు స్టాఫ్ రూమంతా తెలిసిపోయింది. సాయంత్రం హిమాయత్‌నగర్ వెళ్లి ఉన్ని కోటు కొన్నాం.

మధ్యాహ్నం నారాయణగూడ ల్యాబు నుంచి నీళ్ల పరీక్ష రిపోర్టు తెచ్చాను. కాలువ కోసం కొండ తవ్వే మా సొరంగం సైటులో లేబర్ తాగే నీళ్లు అవి. అక్కడి కాంపౌండర్ ఎల్లేశం సీసాలో పట్టి పంపాడు. తాగడానికి పనికిరావని రాసి ఉంది. రామచంద్రం గారికి చూపించాను. ఓనరు ఆయన, నిర్ణయం ఆయనదే. "వచ్చినంక చూద్దాం ఉదయ్" అన్నారు. ఫైల్లో పెట్టాను.

మార్చి 30, గురువారం

బుగ్గమ్మ మూడేళ్లుగా మా ఇంట్లో గిన్నెలు తోముతోంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. ఇవాళ అడిగింది.

"సారు, మా ఆయనకెళ్లి కబురే లేదు. పోయి మూడు నెల్లాయె."

తిమ్మప్పను సైటుకు పంపింది నేనే. మక్తల్ దిక్కు నుంచి వచ్చి నాలా పక్క బస్తీలో ఉంటూ, రోజూ పొద్దున్నే చిక్కడపల్లి అడ్డా మీద నిలబడేవాడు. ఏ మేస్త్రీ పిలిస్తే వాడి వెనక పోయేవాడు. వారంలో మూడు రోజులు ఎవరూ పిలిచేవారు కాదు. వానలు పడేదాకా నికరంగా పని ఉంటుంది, మా సైటుకు పొమ్మని చెప్పాను. మంచికే చెప్పాను.

"అక్కడ ఫోన్ మంచిగ పనిచెయ్యది బుగ్గమ్మా. మంచిగనే ఉంటడు" అన్నాను.

తలూపి, గిన్నెలు బోర్లించి వెళ్లింది.

ఏప్రిల్ 1, శనివారం

సైటు నుంచి పక్షం రిపోర్టు వచ్చింది. పదకొండు మంది పారిపోయారట. ఫిబ్రవరిలో ఇట్లాగే కొందరు పోతే, గేటు దగ్గర పాసు పద్ధతి పెట్టించాను. చుట్టూ ముళ్లతీగ వేశారు. అయినా పోతున్నారంటే ఏం చేస్తాం. పద్ధతి ప్రకారం పదకొండు ఊళ్లకు పదకొండు కార్డులు వేయించాను. 'మీవాడు పని విడిచి పారిపోయినాడు. ఇంటికి వచ్చిన యెడల వెంటనే తెలియజేయగలరు.' కింద సంతకం నాది.

రేపే ప్రయాణం. ఆ తొందరలో పేర్లు చూడలేదు.

ఏప్రిల్ 5, మ్యూనిక్

చలి. బూట్లలో వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఇవాళ కొండను తొలిచే యంత్రం చూపించారు. మూడు వందల మంది చేసే పని ఒక్కటే చేస్తుందట. ధర విని రామచంద్రం గారు నవ్వారు. "మూడు వందల మందే నయం" అన్నారు.

ఏప్రిల్ 9, ఆదివారం

బస్సులో కూర్చుని రాస్తున్నాను. మిగతావాళ్లంతా కోట చూడటానికి దిగారు. కడుపులో బాగాలేదని చెప్పి నేను ఉండిపోయాను. 

యంత్రాల కంపెనీ వాళ్లు ఇవాళ అతిథులందరికీ ఒక రోజు యాత్ర పెట్టారు. పొద్దున ఒక చోటు, తర్వాత భోజనం, మధ్యాహ్నం రాజుల కోట. పొద్దుటి చోటు పేరు డాకౌ. కరపత్రంలో స్మారకస్థలం అని ఉంది. యుద్ధంలో పోయిన సైనికుల సమాధులేమో అనుకున్నారు రామచంద్రం గారు. నేను స్కూల్లో చదివినదాన్ని బట్టి కొంత ఊహించాను గాని, ఇంత దగ్గరగా ఉంటుందనుకోలేదు. మ్యూనిక్ నుంచి అరగంట కూడా పట్టలేదు. దారి పొడుగునా ఇళ్లు. కిటికీల్లో పూలకుండీలు. పిల్లలు చేతుల్లో పచ్చటి రెమ్మలు పట్టుకుని చర్చికి వెళ్తున్నారు. ఊరు ఇంకా అయిపోనేలేదు, గోడ వచ్చింది.

గైడ్ ఒకావిడ. అరవై దాకా ఉంటాయి. బూడిద రంగు కోటు. టీచరుగా చేసి రిటైరయ్యారట. రెండు గంటల్లో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. 1933 నుంచి పన్నెండేళ్లు నడిచింది నాజీల ఈ నిర్బంధ క్యాంపు, ఇంకో మూడు వారాల్లో దీని విడుదలకు యాభై ఏళ్లు నిండుతాయి అని చెప్పి నడక మొదలుపెట్టారు.

లోపల ఏమీ లేదు. అంటే, కంకర పరిచిన పెద్ద మైదానం ఉంది. షెడ్లు రెండే ఉన్నాయి, అవీ మళ్లీ కట్టినవి. మిగతావాటికి పునాదుల గీతలు మాత్రం మిగిలాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మధ్యలో తిన్నగా రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా పొడుగాటి చెట్లు. రెండు వందల మందికి కట్టిన షెడ్డులో చివరికి వెయ్యి మంది పైగా ఉన్నారని గైడ్ చెబుతున్నారు. రామచంద్రం గారు నంబర్లు లెక్కబెట్టుకుంటూ నడిచారు.

"రెండు లైన్లు, నడుమ రోడ్డు. ఎంత నీట్‌గ ఉంది చూడు. మనోళ్లకు గూడ ఇట్లనే వెయ్యాలె షెడ్లు" అన్నారు నాతో తెలుగులో.

ఆయన ఏమన్నారని గైడ్ నన్ను అడిగారు.

"చాలా విచారకరం అంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ ఆయనకు తల వంచి కృతజ్ఞత చెప్పారు.

ఇనుప గేటు మీద అక్షరాలు చూపించారు. పని చేస్తే స్వేచ్ఛ అని అర్థమట. తర్వాత మ్యూజియం. ఫోటోల దగ్గర కొంతమంది మొహం తిప్పుకున్నారు. నేను ఫోటోలు బాగానే చూడగలిగాను. నన్ను ఆపేసింది అద్దాల పెట్టెలో ఉన్న కాగితాలు. చక్కటి చేతిరాత. గీతలు కొట్టిన గడులు. కొట్టివేతలు లేవు. పేరు, పుట్టిన ఊరు, తేదీ, కారణం. పన్నెండేళ్లుగా నేను నింపుతున్నటువంటి గడులు.

"కారణం అనే గడి చూడండి" అన్నారు గైడ్. "గుండె ఆగిపోయింది అని ఉంటుంది. పారిపోతుండగా కాల్చారు అని ఉంటుంది. చాలావరకు అబద్ధం. ఆ మనుషులు ఎక్కడికీ పారిపోలేదు. పారిపోయారని రాశారు, అంతే."

బ్రెజిల్ నుంచి వచ్చిన ఒకాయన అడిగాడు, ఇదంతా కూర్చుని ఎవరు రాసేవారని.

"గుమాస్తాలు. ఖైదీల చేత కూడా రాయించేవారు. రాసేవాళ్లు లేకపోతే ఈ చోటు ఒక్క వారం కూడా నడిచేది కాదు."

ఆఖరి చలికాలంలో జ్వరాలు వచ్చాయట. టైఫస్. కిక్కిరిసిన షెడ్లు, పేలు, మురికి. జ్వరం వచ్చినవాళ్లను వేరే షెడ్లలో ఉంచి మిగతావాళ్లను రానిచ్చేవారు కాదు. వేలమంది పోయారు. ఆమె ఆ అంకె చెప్పారు, నేను వినలేదు. అప్పటికి ఇంకో అంకె నా తలలో తిరుగుతోంది.

బయటికి వచ్చాక నేనొక్క ప్రశ్న అడిగాను. ఊళ్లోవాళ్లకు తెలియదా అని.

"నేను ఈ ఊళ్లోనే పుట్టాను" అన్నారు. "ఇంట్లో ఎప్పుడడిగినా, మాకు గోడ మాత్రమే కనిపించేది అనేవారు. గోడ కనిపించింది కదా, మరి అడగలేదేం అనేదాన్ని. భోజనం దగ్గర అలాంటి మాటలేమిటి అనేవారు."

రామచంద్రం గారు సిగరెట్ పారేసి వచ్చి నా భుజం తట్టారు. "శాన పాపం చేసిండ్రు. మనకెందుకు గని, పా, లంచ్‌కు టైమైతుంది."

ఏప్రిల్ 10, సోమవారం

పేర్లు చూడలేదు. ఆ రోజు చాలా తొందరలో ఉన్నాను.

ఏప్రిల్ 13, గురువారం

ఇల్లు. ఎండ చూస్తే ప్రాణం లేచివచ్చింది. నళిని ఫోటోల గురించి అడిగింది. "ఏమేం చూసిండ్రు?" అంది. కోట చూశానన్నాను.

ఆఫీసులో కొత్త రిపోర్టు వచ్చి ఉంది. ఇంకో తొమ్మిది మంది పారిపోయారట. కార్డులు టైపు చేసి నా బల్ల మీద సంతకానికి పెట్టారు. రేపు చేస్తానన్నాను. సైటుకు నాలుగు రోజులుగా ఫోన్ కలవడం లేదు. సామాన్ల జీపు డ్రైవర్ ఏదో చెప్పబోయాడు. "ఆడ జర జరాలున్నయి సార్" అన్నాడు. ఏం జ్వరాలని అడిగేలోపు రామచంద్రం గారు వస్తే ఊరుకున్నాడు.

ఏప్రిల్ 15, శనివారం

పొద్దున బుగ్గమ్మ కొంగులోంచి కార్డు తీసింది. ఊరికి వచ్చిందట. ఎవరో తెలిసినవాళ్లు పట్నం వస్తుంటే అత్త ఇచ్చి పంపిందట. చదివి పెట్టమని నళిని చేతికిచ్చింది. నళిని పైకి చదివింది. చివర సంతకం దగ్గర ఆగి నా వైపు చూసింది. ఆ సంతకం ఆమె పదిహేనేళ్లుగా చూస్తున్నదే.

బుగ్గమ్మకు ఇదేమీ తెలియదు. ఆమె కార్డులోని ఒక్క మాటనే పట్టుకుంది.

"పారిపోతే యాడికి పోతడు సారు? నా తానికే గద రావాలె. రాలె."

ఆఫీసులో కనుక్కుంటానన్నాను.

ఏప్రిల్ ఒకటో తేదీన నేను రాసింది అబద్ధం. నేను మాత్రమే చదివే ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. పేర్లు చూశాను. నాలుగో పేరు తిమ్మప్ప. ఊరి పేరు కూడా చూశాను. ఇంకెవరో తిమ్మప్ప అయి ఉంటాడు, ఆ దిక్కు ఆ పేరు చాలామందికి ఉంటుంది అనుకున్నాను. అనుకుని సంతకం చేశాను. చేసి, ఉన్ని కోటు పెట్టెలో పడుతుందా లేదా అని ఆలోచించాను.

ఏప్రిల్ 16, ఆదివారం

ఇది అది కాదు. అక్కడ తుపాకులు, ఇక్కడ మేస్త్రీలు. అక్కడ మనుషుల్ని చంపడానికే పెట్టారు, ఇక్కడ కాలువ కోసం కొండ తవ్వుతున్నారు. ఈ రెండింటినీ ఒక చోట పెట్టి మాట్లాడటం అక్కడ చచ్చినవాళ్లకు అవమానం. ఇది నిజం.

ఇది అది కాదు.

నిజమే కదా, మరి పొద్దుటి నుంచి ఎన్నిసార్లు రాస్తాను.

ఏప్రిల్ 17, సోమవారం

రామచంద్రం గారి గదిలోకి వెళ్లి తలుపు వేశాను. తిమ్మప్ప సంగతి చెప్పాను. సైటుకు డాక్టర్‌ను పంపుదామన్నాను.

"డాక్టర్ పోతే ఏం రాస్తడు? జరాలని రాస్తడు. మల్ల ఇన్‌స్పెక్షన్ అంటరు. పని ఆగుతది. వానల లోపట సొరంగం కాకపోతే మనం ఖతం" అన్నారు. కోపంగా అనలేదు. చిన్నపిల్లవాడికి లెక్క చెప్పినట్టు అన్నారు.

"గేటన్నా తెరుద్దాం సార్. పోయేటోళ్లు పోతరు."

"తెరిస్తే పొద్దుగూకే వరకు ఒక్కడు మిగలడు. ఆ గేటు పెట్టమని నోట్ రాసింది నువ్వే గద."

అవును, నేనే.

"నీళ్ల రిపోర్టు..." అన్నాను.

ఆయన కాసేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ ఉన్నారు. "ఏ రిపోర్టు? నాకైతే ఏ రిపోర్టు రాలె. నీ ఫైల్‌ల ఏమన్న ఉంటె అది నీ సంగతి. ఉండకుంటేనే మంచిది." తర్వాత నవ్వారు. "నిన్ను జర్మనీ తీస్కపోయిన ఉదయ్. మా బావమరిదిని గాదు, నిన్ను."

బయటికి వచ్చి తొమ్మిది కార్డులు చూశాను. సంతకం చేయలేదు. చింపనూ లేదు. సొరుగులో పెట్టాను. సొరుగులో పెట్టడం నాకు బాగా వచ్చు.

ఏప్రిల్ 18, మంగళవారం

మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్. ఎల్లేశం. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్‌లో ఉన్నానన్నాడు. ఎవరికీ చెప్పకుండా రమ్మన్నాడు.

మనిషి సగమయ్యాడు. చాయ్ ముందు పెట్టుకుని తాగలేదు. మూల బల్ల దగ్గర గోడకు వీపు ఆనించి, వచ్చేపోయేవాళ్లను చూస్తూ మాట్లాడాడు.

"పారిపోయినోళ్లు ఎవ్వరు లేరు సార్."

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"జరమొచ్చి లేవనోళ్లను కంకర మిషన్ ఎనక షెడ్డుల పండవెట్టిండ్రు. రోగి అని రాస్తే దవాఖానకు తోల్కపోవాలె, ఆఫీసర్లొస్తరు. అందుకని సూపర్‌వైజర్ రిజిస్టర్‌ల పారిపోయిండని రాయించిండు. వచ్చేపోయేటోళ్ల కంట పడొద్దని షెడ్డుకు తాళం. గోలీలన్నీ మొదటి వారానికే ఖతమైనయి. తర్వాత తడిబట్టలేసుడే నా వైద్యం."

"ఎంతమంది?"

"ఇరవై. ఈ మూడు వారాల్లనే ముగ్గురు పోయిండ్రు. కాలువ కట్ట మట్టిల పెట్టిండ్రు. నన్నే పట్టమన్నరు కాళ్లు." చాయ్ కప్పు పక్కకు నెట్టాడు. "మీకు నీళ్లు పంపితి గద సార్. రిపోర్టు రాలేదా?"

ఆ ప్రశ్నకు నేను చెప్పిన జవాబు రాస్తాను. "ఇంకా రాలేదు" అన్నాను.

"అనుకున్న" అన్నాడు. "వచ్చి ఉంటె మీరు ఊకుంటరా."

తిమ్మప్ప నిన్న పొద్దుటి దాకా బతికే ఉన్నాడట. ఇప్పటి సంగతి తెలియదట. ఎల్లేశం గేటు దగ్గర మందు గోలీలు తెస్తానని చెప్పి జీపెక్కి వచ్చేశాడు. మళ్లీ పోతే వదలరు. తన మాట ఎవరూ వినరు, చదువుకున్నవాళ్లు చెప్తేనే వింటారు అన్నాడు.

ఏప్రిల్ 19, బుధవారం

ఫిర్యాదు ఇవ్వడానికి లేబర్ ఆఫీసుకు వెళ్లలేదు. జీతాల పట్టీలు ఉన్నాయి.

ఏప్రిల్ 20, గురువారం

ఇవాళ కూడా వెళ్లలేదు. ఆఫీసర్ ఉంటాడో లేడో. వెళ్లేముందు ఎవరైనా వకీలును అడగాలి. నా మీదకు ఎంత వస్తుందో తెలుసుకోవాలి.

బుగ్గమ్మ వచ్చింది, ఏమీ అడగలేదు. గిన్నెలు తోముతూ మధ్యలో చేతులు ఆపి కూర్చుంది. నీళ్లు అట్లాగే పోతున్నాయి. నళిని వెళ్లి నల్లా కట్టేసింది.

ఆమె పోయాక నళినికి మొత్తం చెప్పాను. రిపోర్టు, గేటు, షెడ్డు, ఎల్లేశంతో ఆడిన అబద్ధం. డాకౌ కూడా.  చివరికి, "ఆ ముగ్గురు పోయింది ఎప్పుడు? రిపోర్టు వచ్చినంకనా, ముందా?" అని అడిగింది.

"వచ్చినంకనే."

నళిని లేచి చేట, బియ్యం తెచ్చుకుంది. "సంతకం పెట్టింది మీరే గద. ఇంకో సంతకం గూడ మీరే పెట్టాలె" అంది. తర్వాత బియ్యం ఏరుతూ కూర్చుంది. 

ఏప్రిల్ 21, శుక్రవారం

వెళ్లాను. నీళ్ల రిపోర్టు, రెండు పక్షాల జాబితాలు, సంతకం చేయని తొమ్మిది కార్డులు, గేటు పాసుల గురించి నేను ఇచ్చిన నోటు కాపీ. అన్నీ బల్ల మీద పెట్టాను. ఎల్లేశం నా వెంట వచ్చాడు. రిపోర్టు మీద తేదీ చూశాడు. మార్చి 28. నా వైపు చూశాడు. మళ్లీ చూడలేదు.

ఆఫీసర్ నడివయసు మనిషి, నిదానంగా అన్నీ చదివారు. "ఇది ఇస్తే మీ మీద గూడ కేసైతది. ఎరికేనా?" అన్నారు.

తెలుసన్నాను. వాంగ్మూలం రాసిచ్చాను. నాలుగు పేజీలు. రేపు తెల్లారే సైటుకు బయలుదేరాలి.

ఏప్రిల్ 23, ఆదివారం

నిన్న జరిగింది రాయాలి.

రెండు జీపులు, ఒక వ్యాను. ఆఫీసర్, ఒక డాక్టర్, నలుగురు పోలీసులు, ఎల్లేశం, నేను. సైటు చేరేసరికి పదకొండు. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఈ సైటుకు రావడం ఇదే మొదటిసారి. కాగితం మీద దీని ప్రతి మూలా నాకు తెలుసు. కళ్లతో చూస్తే ఏదీ తెలియలేదు. ముళ్లతీగ నేను అనుకున్నదానికంటే ఎత్తుగా ఉంది. లోపల రేకుల షెడ్లు, ఎండకు కాలిపోతున్నాయి. వాచ్‌మన్ నన్ను పేరుతో గుర్తుపట్టి సలాం కొట్టాడు. డాక్టర్ గారిని మాత్రం పాసు అడిగాడు.

కంకర మిషన్ వెనక షెడ్డు. తాళం. సూపర్‌వైజర్ జీపులు చూడగానే ఎటో పోయాడు. గడ్డపారతో పలగ్గొట్టారు.

తలుపు తీయగానే వాసన వచ్చింది. దాని గురించి రాయను. లోపలున్నవాళ్లు వెలుతురుకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. సిమెంటు సంచులు పరుచుకుని పడుకున్నారు. పదిహేడు మంది. ఒకరిద్దరు లేవబోయారు. డాక్టర్ లోపలికి పోయి ఒక్కొక్కరి పక్కన మోకాళ్ల మీద కూర్చుంటున్నారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

తిమ్మప్పను నేను గుర్తుపట్టలేదు. గోడ పక్క నుంచి అతనే నన్ను గుర్తుపట్టాడు.

"సారు" అన్నాడు. "నేను పారిపోలే."

దగ్గరికి వెళ్లాను.

"నేను పారిపోలే సారు. బుగ్గమ్మకు చెప్పుండ్రి. ఏం తప్పు చెయ్యలే. లేసి పనికి పోదమంటె కాళ్లు లేవకపాయె."

అతను పారిపోయాడని నేను కార్డు రాశానని అతనికి తెలియదు. రిజిస్టర్‌లో అట్లా రాస్తున్నారని మాత్రం విన్నాడట. జ్వరంలో అతన్ని పట్టి ఉంచింది అదొక్కటే. తన భార్య ఆ మాట నమ్ముతుందేమో అన్న భయం.

వ్యానులోకి ఎక్కిస్తుంటే ఎల్లేశం ఆఫీసర్‌ను కాలువ కట్ట మీదికి తీసుకెళ్లాడు. మూడు చోట్ల మట్టి కొత్తగా ఉంది. గుర్తులేమీ లేవు. ఏది ఎవరిదో ఎల్లేశం చెప్పాడు. ఆఫీసర్ రాసుకున్నారు. మొదటిది ఈదయ్యది.

ఏప్రిల్ 27, గురువారం

పదిహేడు మందీ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఉన్నారు. టైఫాయిడ్. ఇద్దరికి ఇంకా కష్టంగానే ఉందట. మిగతావాళ్లు బతుకుతారన్నారు. రామచంద్రం గారిని అరెస్టు చేసి, మర్నాడే బెయిల్ మీద వదిలారు. కేసులో నా పేరు మూడోది. ఉద్యోగం లేదు. ఒక పేపర్లో మాత్రం 'ధైర్యం చూపిన ఉద్యోగి' అని వేశారు. మా వీధిలో ముగ్గురు వచ్చి చేయి కలిపి పోయారు. నేను కలిపాను. నళిని ఆ పేపర్ మడిచి అటక మీద పడేసింది.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను. బుగ్గమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఇప్పుడు ఆమెకు నీళ్ల రిపోర్టు సంగతి తప్ప అన్నీ తెలుసు. కార్డు మీద సంతకం ఎవరిదో నళినే చెప్పింది. పక్కన కూర్చున్నాను. ఆమె జరగలేదు, నన్ను లేవమననూ లేదు.

"నువ్వు తోలకపోతే ఆయన పోకుండె" అంది. "నువ్వు పోకపోతే ఆయన రాకుండె. రెండు నువ్వే సారు. నిన్ను ఏమనాల్నో నాకు తెలుస్తలేదు."

కొంగు ముడి విప్పి, మళ్లీ వేసుకుంది.

"ఆ ముగ్గురి ఇండ్లల్ల చెప్పిండ్రా?" అని అడిగింది.

పోలీసులు చెప్పి ఉంటారన్నాను. ఆ తర్వాత ఆఫీసర్‌కు ఫోన్ చేసి అడిగితే, కాగితం పంపామన్నారు. కాగితం. ఆ ఇళ్లలో ఇంకో కాగితం ముందే ఉంది.

మే 14, ఆదివారం

మక్తల్ బస్‌స్టాండ్‌లో రాస్తున్నాను. హైదరాబాద్ బస్సుకు ఇంకా గంట ఉంది.

తిమ్మప్ప ఇంకా గట్టిగా నడవలేడు. అయినా వస్తానన్నాడు. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరి ఊళ్లకు నిన్న వెళ్లాం. కంపెనీ మనిషినని తెలిసి ఒకచోట తిట్టారు. ఒకచోట ఆ పోయినవాడి అన్న నా మీద చెయ్యి చేసుకున్నాడు, తిమ్మప్ప అడ్డం పడ్డాడు. ఇవాళ పొద్దున ఈదయ్య ఇల్లు. అతని భార్య ఆశమ్మ. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పోలీసుల కాగితం వచ్చిందిగాని దాంట్లో ఏముందో ఎవరూ సరిగ్గా చదివి చెప్పలేదు. సర్కారు కాగితం, పట్నం పోవాలె అన్నారట. మేం వచ్చామనగానే మంచం వాల్చి, నీళ్లు ఇచ్చింది.

తిమ్మప్ప చెప్పాడు. మొదట జ్వరం ఎట్లా వచ్చిందో, ఈదయ్య ఆఖరి రోజుల్లో ఏం మాట్లాడాడో, నీళ్లు తాగించింది ఎవరో. పోయేటప్పుడు ఈదయ్య తల తన ఒళ్లో ఉందని చెప్పాడు. ఆమె ఏడవలేదు. "ఏ దినం?" అని మాత్రం అడిగింది.

"ఏప్రిల్ ఆరు. బేస్తవారం అక్కా."

"బేస్తవారం" అంది. కొంచెంసేపు వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. "ఆ దినమే కార్డొచ్చింది. పారిపోయిండంటె నేను సంబురపడ్డ. ఇంటికొస్తె దాసిపెడుదమనుకున్న. అటెన్క ఏ దినం తలుపు గొళ్లెం పెట్టలే."

ఆరో తేదీ. నేను ఎగ్జిబిషన్‌లో ఉన్నాను. అంటే నేను సంతకం చేసిననాడు ఈదయ్య బతికే ఉన్నాడు. ఇంకా అయిదు రోజులు బతికాడు.

తిమ్మప్ప నా వైపు చూపించాడు. "ఈ సారే వచ్చి తాళం పలగ్గొట్టించిండక్కా. ఈ సారు రాకుంటె నేను గూడ ఆ మట్టిలనే ఉంటుంటి."

ఆశమ్మ లేచి నిలబడి, నాకు దండం పెట్టింది.

ఆ దండం తీసుకుని బస్సెక్కవచ్చు. తిమ్మప్ప ఏమీ అనడు. ఈ ఊళ్లో నన్ను మళ్లీ ఎవరూ అడగరు. నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని ఇవన్నీ ఆలోచించేంత సమయం నాకు దొరికింది. ఆమె చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"ఆ కార్డు రాసింది నేనే" అన్నాను. "అక్కడి నీళ్లు మంచియి కావని మార్చిలనే నాకు ఎరుక. కాగితం నా దగ్గర్నే ఉండె. ఓనరుకు తప్ప ఎవ్వరికి చెప్పలే."

తిమ్మప్ప మెల్లగా నా వైపు తిరిగాడు. నీళ్ల సంగతి అతనికి కూడా ఇప్పుడే తెలిసింది. ఆమె చేతులు దించింది. నేను గ్లాసు కింద పెట్టాను. బయట ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు.

ఆశమ్మ గడప మీద, నాకు ఎదురుగా కూర్చుంది.

"ఇప్పటిదాంక ఈ అన్న చెప్పిండు" అంది. "ఇప్పుడు నువ్వు చెప్పు. మొదటికెళ్లి చెప్పు."

చెప్పాను.